నోటి పత్రికలో మొదటి పేజీ

నా ఇరవయ్యో ఏట నేను మొదటి పేజీని. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. యుద్ధం రోజుల్లో కర్నూలులో మేము చదివిన ట్రైనింగ్ కాలేజీలో పత్రిక క్లాసు అని ఒకటి ఉండేది. ఆ క్లాసు తెచ్చిన పత్రికకు కాగితం లేదు, సిరా లేదు, అచ్చు లేదు. నలుగురు విద్యార్థులం నాలుగు పేజీలం. శనివారం సాయంత్రం ఏదో ఒక ఊళ్లో జనం ముందు వరుసగా నిలబడి, ఒకరి తరువాత ఒకరం వార్తలు చెప్పేవాళ్లం. అందరికంటే ముందు నోరు తెరిచేవాణ్ణి నేను. ఇప్పుడు తలుచుకున్నా ఛాతీ కాస్త పొంగుతుంది, ఆ వెంటనే చెవులు వేడెక్కుతాయి. రెండింటికీ కారణం ఉంది.

క్లాసు పెట్టిన అయ్యవారు మద్రాసులో ఒక దినపత్రికలో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. మద్రాసు మీద జపాను బాంబులు పడతాయని జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కినప్పుడు ఆయన కూడా భార్యాపిల్లలతో అత్తగారి ఊరైన కర్నూలు చేరాడు. భయం తగ్గి తిరిగి వెళ్లే వేళకు ఆయన కుర్చీలో మరొకరు కూర్చుని ఉన్నారు. మా కాలేజీలో తెలుగు వ్యాకరణం చెప్పే పని దొరికింది. సంధులు చెప్పేటప్పుడు ఆయన మొహం కషాయం తాగినట్టు ఉండేది. ఎవడైనా మద్రాసు సంగతి ఎత్తితే చాలు, సంధిని ఎక్కడిదక్కడ వదిలేసి అచ్చు యంత్రం ఎట్లా మోగుతుందో, తంతి కాగితాలు చేతికొచ్చినప్పుడు గదిలో ఎంత గోల లేస్తుందో చెప్పుకుంటూ పోయేవాడు. పాఠం తప్పించుకోవడానికి మేము వంతులు వేసుకుని మద్రాసు సంగతి ఎత్తేవాళ్లం. చివరికి ఆయనే ప్రిన్సిపాలు దొరగారి దగ్గరికి వెళ్లి, సాయంత్రాలు పత్రిక పని నేర్పుతాను, నాకేమీ ఇవ్వనక్కర్లేదు, ఒక గది ఇస్తే చాలు అని ఒప్పించుకొచ్చాడు. ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు. ఆయన అట్లా దిగగలడని మాకు అప్పటిదాకా తెలియదు.

నలుగురం చేరాము. నెలకొక పత్రిక అచ్చు వేయాలని మొదటి ఆలోచన. కాని ఊళ్లో కాగితమే లేదు. పరీక్ష జవాబులు రెండు వైపులా రాసి, అంచుల్లో కూడా ఇరికించి రాస్తున్న కాలం అది. చింతపండు ఆకులో కట్టి ఇచ్చేవారు. గోడ మీద బొగ్గుతో రాద్దామంటే, సున్నం వేయించిన గోడ జోలికి వస్తే ఊరుకోనని దొరగారు కబురు పంపాడు. మూడు వారాలు గాలిలో పత్రిక నేర్చుకున్నాము. శీర్షిక ఎట్లా పెట్టాలో నేర్చుకున్నాము గాని పెట్టడానికి చోటు లేదు.

ఒకనాడు క్లాసు జరుగుతుండగా గేటు ముందు దండోరా మోగింది. మున్సిపాలిటీ మనిషి నాలుగు దెబ్బలు కొట్టి, ఫలానా పేటలో రేపు పొద్దున పదింటి దాకా కొళాయి రాదు, నీళ్లు ఇప్పుడే పట్టుకోండి అని చెప్పి వెళ్లిపోయాడు. అయ్యవారు సుద్దముక్క బల్ల మీద పడేసి మమ్మల్నందరినీ కిటికీ దగ్గరికి తోలాడు. ఏమిటి, ఎక్కడ, ఎప్పటిదాకా, మనం ఏం చేయాలి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాడు చూశారా అన్నాడు. ఈ మనిషి మద్రాసు వచ్చి ఉంటే నాకు అక్కడ పని దొరికేదే కాదు అని తెగ మురిసిపోయాడు. నోటి పత్రిక అట్లా పుట్టింది.

దొరగారు ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. యుద్ధ సమయం. సంతలో ఎవడైనా గాలికబురు చెబితే పోలీసులు వచ్చి కూర్చోబెట్టి అడిగే రోజులు. మా పత్రిక గురించి దొరగారు స్వయంగా అధికారులకు మాట ఇచ్చి వచ్చాడు. ఆయన తెలుగు అంతా బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. మమ్మల్ని నిలబెట్టి, వేలు పైకెత్తి చెప్పాడు.

"ఒక్క అసత్య వార్త. ఒక్కటి చాలును. ఆ దినముననే ఈ తరగతి ముగియును."

ఆ మాటకు అయ్యవారి మొహం ఎట్లా పాలిపోయిందో నేను చూశాను. ఆ క్లాసు లేకపోతే ఆయనకు మిగిలేవి సంధులే. అందుకని ఆయన మాకు ఒక నియమం పెట్టాడు. ఏ వార్తకైనా రెండు నోళ్లు ఉండాలి. ఇద్దరు మనుషులు వేరువేరుగా చెప్పనిదే వార్త కాదు. చెప్పినవాళ్లు ఎవరో, ఎక్కడ చెప్పారో చిట్టి పుస్తకంలో రాసుకోవాలి.

పేజీల పంపకం జరిగింది. గొంతు పెద్దదని, భయం తక్కువని నన్ను మొదటి పేజీ చేశాడు. పెద్ద వార్తలు నావి. రెండో పేజీ కడప నుంచి వచ్చిన అమ్మాయి, ఒక బడిపంతులు కూతురు. యుద్ధం, దేశం ఆమెవి. మూడో పేజీ పాపం మహా సిగ్గరి, ధరలూ వానలూ రోగాలూ చెప్పేవాడు, మూడో వరుసలో కూర్చున్న వాళ్లకు ఒక్క ముక్క వినపడేది కాదు. నాలుగో పేజీ పత్తికొండ వైపు వాడు, లావుపాటి మనిషి, ప్రకటనలు పాడి చెప్పేవాడు. క్లాసులో మాకు పేర్లు పోయాయి. హాజరు పిలిచేటప్పుడు కూడా అయ్యవారు రెండో పేజీ వచ్చిందా అని అడిగేవాడు.

మొదటి పత్రిక ఓర్వకల్లు దాటాక ఒక చిన్న ఊరి చర్చి ముందు తెచ్చాము. పెట్రోలు కరువై బొగ్గుపొయ్యి వెనక తగిలించుకుని నడిచే బస్సులో పోయాము. ఎత్తు వచ్చిన చోటల్లా జనమంతా దిగి తోయాలి. పత్రిక మొత్తం మసి పూసుకుని ఊళ్లో దిగింది. చర్చి ముందు యాభై మంది దాకా కూర్చున్నారు. నేను రాత్రంతా బట్టీ పట్టిన గ్రాంథిక భాషలో మొదటి వార్త గంభీరంగా చెప్పి, తల వంచి ఒక క్షణం ఆగాను. యాభై మందీ ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు.

తెల్లచొక్కా వేసుకున్న వాడు తల వంచితే వాళ్ల లెక్కలో ప్రార్థన అయిపోయినట్టే. రెండో పేజీ నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది. ఆమె తన పేజీ ముగించినా ఆమెన్ అన్నారు. మూడో పేజీ చెప్పింది ఎవరికీ వినపడలేదు గాని దానికీ ఆమెన్ అన్నారు. నాలుగో పేజీ తప్పిపోయిన బర్రె గురించి, కుడి కొమ్ము వంకర, నుదుట తెల్లమచ్చ అని రాగం తీసి పాడుతుంటే మాత్రం వెనక నుంచి ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఆ బర్రె మా దొడ్లో ఉండాది గదప్పా, నాలుగు దినాలాయె. ఎవురిదో తెలీక మేపుతాండా" అన్నాడు. అయ్యవారు అక్కడే రాతి మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ప్రకటన పూర్తికాక ముందే జవాబు రావడం మద్రాసులో పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదట.

ఆ తరువాత అయ్యవారు గ్రాంథికం మాన్పించాడు. వాళ్లింట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పండి అన్నాడు. రెండు నెలల్లో మా పత్రిక కోసం ఊళ్లు వంతులు అడిగే స్థితికి వచ్చింది. ఆ సంబరం ఇంతా అంతా కాదు. మాకు జొన్నరొట్టెలు కట్టి ఇచ్చేవారు. ఒక ఊళ్లో ముసలమ్మ మూడో పేజీ గడ్డం పట్టుకుని, కడుపునిండా తిని గట్టిగా చెప్పు నాయనా అని వేరుశనగలు జేబులో పోసింది. జనం మధ్యలో అడ్డం తగిలేవారు, ఇంకొకసారి చెప్పమనేవారు, అట్ల కాదప్పా అని సరిదిద్దేవారు. చదివే పత్రికకు ఎదురు చెప్పలేరు. మాకు మాత్రం మొహం మీదే చెప్పేవారు. బస్సు తోస్తూ నలుగురం పాటలు పాడేవాళ్లం. అంత సంతోషంగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

నాకు మాత్రం అప్పటికే కళ్లు నెత్తికెక్కాయి. మొదటి పేజీని కదా, వీధిలో నడిచేటప్పుడు కూడా గొంతు పెంచి మాట్లాడేవాణ్ణి. దానికి తోడు రెండో పేజీ మీద లోపల కుళ్లు. ఆమె చేయి ఆడించదు, కేకలు వేయదు, మామూలుగా చెప్పుకుపోతుంది, అయినా ఆమె వంతు వస్తే పిల్లలు ఏడుపు మానేవారు. నా తరువాత ఆమె నిలబడినప్పుడు జనం కాస్త ముందుకు జరిగి కూర్చునేవారు. ఆ జరగడం నాకు బాగా కనిపించేది. ఒక్క వార్త, జనం లేచి నిలబడే వార్త ఒక్కటి నాకు దొరికితే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి.

ఓర్వకల్లు వైపు రోడ్డుకు రెండు మైళ్ల లోపల, రాళ్లగుట్ట కింద ఒక ఊళ్లో ఒక రైతు బావి తవ్వుతున్న సంగతి అందరికీ తెలుసు. రెండేళ్లుగా భార్యా, బామ్మర్దీ, తానూ, ముగ్గురే. మట్టి అయిపోయి బండ తగిలింది. బండలో గడారి గుచ్చడం, ముక్కలు గంపలో వేయడం, పైకి లాగడం. ఆ వైపు నీళ్లంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. ఎండాకాలం ఆడవాళ్లు బిందెడు నీళ్ల కోసం కోడి కూసే వేళకు నడక మొదలుపెట్టే ఊళ్లు అవి. ఆ బావి కబురు కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ చెవులు పెట్టుకుని ఉన్నాయి.

ఒక శనివారం తిరుగు బస్సులో నా పక్కన గాజుల సాయిబు కూర్చున్నాడు. ఊరూరూ తిరిగి ఇంటింటా గాజులు తొడిగే మనిషి. నన్ను గుర్తుపట్టి, పత్రిక బాగా చెప్తారని మెచ్చుకున్నాడు. ఇంకేం కావాలి నాకు. అంతకు ముందు ఆ రోజే నేను ఆ రైతు బామ్మర్దిని సంతలో చూశాను. బండ కాస్త చల్లగా తగులుతోందని ఆయన అన్నాడు. అంతే అన్నాడు. నేను సాయిబుతో, పత్రికవాళ్లకు లోపలి సంగతులు ముందే తెలుస్తాయన్న గొప్ప చూపించడానికి, బండ తడిసిందని, ఈ వారంలో నీళ్లు పడటం ఖాయమని, కావాలంటే చూసుకొమ్మని చెప్పాను. అది పత్రికలో చెప్పలేదు కదా, బస్సులో మాటే కదా అనుకున్నాను. ఎత్తు రాగానే దిగి బస్సు తోశాము. ఆ మాట సంగతే మరిచిపోయాను.

మరుసటి శనివారం ఇంకొక ఊరికి పోతున్నాము. రోడ్డు పక్కన బస్సు బొగ్గు నింపుకుంటుంటే, గడ్డిమోపు దించుకుని కూర్చున్న ఒకామె నాతో, ఆ గుట్ట కింద బావిలో మోకాటి లోతు నీళ్లు పడినాయంట అని చెప్పింది. వెంటనే చిట్టి పుస్తకం తీసి రాశాను. బస్సు డ్రైవరును అడిగితే, మోకాలు కాదప్పా, నడుములోతంట అన్నాడు. రెండు నోళ్లు. ఒకరు ఆడ, ఒకరు మగ, ఒకరికొకరు తెలియదు. నియమం నూటికి నూరుపాళ్లు తీరింది. మోకాటికీ నడుముకీ నడుమ తొడలోతు అని నేనే సర్ది రాసుకున్నాను.

అది చూసి రెండో పేజీ అడిగింది, "పోయి చూసినావా?"

టైము లేదన్నాను. వాళ్లిద్దరూ ఎవరి దగ్గర విన్నారో అడిగినావా అంది. ఆమె గొంతులో తప్పు పట్టడమేమీ లేదు, నిజంగానే అడిగింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మొదటి పేజీ సంగతి మొదటి పేజీ చూసుకుంటుంది, నువ్వు నీ యుద్ధం చూసుకో అన్నాను. ఆ రోజు అయ్యవారికి జ్వరం, మాతో రాలేదు. వచ్చి ఉంటే ఆయనా అదే అడిగేవాడు.

ఆ సాయంత్రం నేను వార్త చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. మామూలుగా మొదలుపెట్టాను. రెండేళ్లు తవ్వినారు, ముగ్గురే తవ్వినారు, ఊరంతా నవ్వినా తవ్వినారు అని ఆగి, చేయి పైకెత్తి, "నీళ్లు పడినాయి, తొడలోతు" అన్నాను. జనం లేచి నిలబడ్డారు. నిజంగానే లేచారు. ఒక ముసలాయన తలపాగా తీసి గాలిలో ఊపాడు. ఆడవాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఆ తరువాత రెండో పేజీ యుద్ధం చెబితే వినే నాథుడు లేడు. తిరుగు ప్రయాణంలో బస్సును నేనొక్కణ్ణే తోయగలననిపించింది.

ఆ వైపు ఒక వాడుక ఉంది. కొత్త బావిలో నీళ్లు పడితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టెంకాయ కొట్టి, తలా ఒక చెంబు ఆ నీళ్లు తీసుకుపోయి తమ బావుల్లో పోసుకుంటారు. తమ బావులకూ ఆ కళ రావాలని. ఆదివారం పొద్దున నాలుగు ఊళ్ల జనం చెంబులు పట్టుకుని ఆ గుట్ట కిందికి వెళ్లారు. బావి పొడిగా ఉంది. సోమవారం మధ్యాహ్నానికి సంగతి కాలేజీ చేరింది, మంగళవారానికి దొరగారి చెవిన పడింది.

అయ్యవారు నన్ను కేకలేయలేదు. కేకలేసినా బాగుండేది. నల్లబల్ల మీద అడుగున నా పేరు బదులు మొదటి పేజీ అని రాసి, పైన గడ్డిమోపు ఆమె, డ్రైవరు అని రాశాడు. వాళ్లకు ఎవరు చెప్పారో కనుక్కురమ్మని నలుగురినీ పంపాడు. అదీ పాఠమే, పత్రిక క్లాసులో మేము చదివిన అసలు పాఠం. రెండు రోజులు తిరిగాము. డ్రైవరుకు చెప్పింది ఒక బియ్యం వ్యాపారి, వ్యాపారికి చెప్పింది ఆయన భార్య, భార్యకు చెప్పింది గాజులు తొడిగిన సాయిబు. గడ్డిమోపు ఆమెకు చెప్పింది ఆడబిడ్డ, ఆ ఆడబిడ్డకు చెప్పిందీ గాజుల సాయిబే. బల్ల మీద గీతలన్నీ పైకి పోయి ఒక్క చోట కలిశాయి. అబద్ధం ఎవరిదో తేలిపోయిందని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ సాయిబును పట్టుకుని నాలుగు దులపాలని ఉబలాటపడ్డాను. బస్సులో మాట ఇంకా నాకు గుర్తు రాలేదు, నమ్మండి నమ్మకపోండి.

సాయిబును నాలుగో పేజీ వెంటబెట్టుకొచ్చాడు. గాజుల మలారం భుజాన వేసుకునే క్లాసులోకి వచ్చాడు పాపం, ఏదో బేరం అనుకుని. అయ్యవారు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మర్యాదగా అడిగాడు. బావి సంగతి మీకు ఎవరు చెప్పారు అని. సాయిబు క్లాసంతా ఒకసారి చూసి, నా దగ్గర చూపు ఆపి, చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"ఈ అప్పే గదా చెప్పింది. బస్సులో. పత్రికాయన చెప్తే అబద్ధమెట్లయితాది, అందుకే నేను అందరికీ ధైర్యంగా చెప్పినా" అన్నాడు.

నాలుగో పేజీ ముందు నవ్వాడు. ఆ తరువాత మూడో పేజీ, ఎన్నడూ వినపడని గొంతుతో, గదంతా వినపడేట్టు నవ్వాడు. రెండో పేజీ బల్ల మీద తల పెట్టుకుంది, భుజాలు ఊగుతున్నాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా సాయిబు కూడా కలిశాడు. సిగ్గుతో చచ్చిపోతూ నేనూ నవ్వాను, ఏం చేయను మరి. నా మాట ఊరంతా తిరిగి, మోకాటి లోతు ఎదిగి, నడుములోతు ఎదిగి, రెండు నోళ్లతో మళ్లీ నా దగ్గరికే వచ్చింది. అయ్యవారు సుద్దముక్కతో పైనున్న సాయిబు నుంచి అడుగునున్న మొదటి పేజీకి ఒక పెద్ద గీత గీశాడు. ఆయన ఒక్కడే నవ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, క్లాసు పోతుందని. దొరగారి ముందు నిలబడి తప్పు నాది, నన్ను పంపించేయండి, క్లాసు ఉంచండి అన్నాను. దొరగారు షరతు షరతే అన్నాడు. అయ్యవారు అప్పుడు నోరు విప్పాడు. పత్రిక అబద్ధం వేస్తే, వేసిన చోటే నిజం వేయాలి, ఆ తరువాతే మూయాలి, నడుమలో మూస్తే ఆ అబద్ధం అట్లాగే ఉండిపోతుంది అన్నాడు. చేతులు కట్టుకునే అన్నాడు. దొరగారు, నేనును వచ్చెదను అన్నాడు.

ఆ శనివారం మొదట, నేను అబద్ధం చెప్పిన ఊళ్లో, నిలబడిన చోటే నిలబడి, కిందటి వారం నేను చెప్పింది అబద్ధం అని చెప్పాను. ఇద్దరి దగ్గర విన్నాను, వాళ్లు నా దగ్గరే విన్నారు అని కూడా చెప్పాను. జనం మొదట అర్థం కాక చూసి, అర్థమయ్యాక పడీపడీ నవ్వారు. అక్కడి నుంచి జట్కాలో దొరగారు, వెనక నడిచి మేము, రైతు ఊరికి పోయాము. బావి గట్టు మీద ఊరంతా చేరింది. చుట్టూ బండముక్కల గుట్టలు, గిలక, మోకు, గంప. రైతు బక్కపలచని మనిషి, చేతులకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉన్నాడు. ఆయన భార్య కాస్త వెనగ్గా నిలబడి నన్నే చూస్తోంది. ఆమె చూపులో కోపం లేదు. ఏముందో నాకు అర్థం కాలేదు.

అక్కడా అదే మాట చెప్పాను. రైతుకు దండం పెట్టాను. దొరగారు ఆయనను అడిగాడు, నీకు కష్టము కలిగినది, ఈ తరగతిని మూయవలెనా అని. జరిగినది చాలును అని నీవు అంటే ఉంచెదను, లేనియెడల ఈ దినమే ముగింపు అన్నాడు. అయ్యవారు తల దించుకుని చేతిగుడ్డను వేలికి చుట్టుకుంటున్నాడు. రైతు బావి అంచుకు వచ్చాడు. బావిలోకి చూశాడు, నా వైపు చూశాడు.

"ఈయప్పను ఒకసారి లోపలికి దింపాల దొరా. కండ్లతో చూసి, ఆడ నుంచే చెప్పల్ల. అది అయినాంక చెప్తా" అన్నాడు.

జనానికి పండగైంది. నాలుగో పేజీ నన్ను గంపలో ఎక్కించి, తప్పిపోయిన బర్రె దొరికిందని రాగం తీశాడు. నలుగురు మోకు పట్టుకున్నారు. గిలక కిర్రుమంటుంటే గంప తిరుగుతూ దిగింది, నేను రెండు చేతులా మోకు కరుచుకుని కళ్లు మూసుకున్నాను. పైన నవ్వులు చిన్నవైపోయాయి. రైతు నాకంటే ముందే బండలో తొలిచిన మెట్ల మీదుగా దిగి, అడుగున నిలబడి ఉన్నాడు.

అడుగు ఎంత చిన్నదో పైనుంచి తెలియదు. ఇద్దరు మనుషులు తిరగడానికి చోటు లేదు. గడారి మొన చేసిన గుంటలు బండ నిండా ఉన్నాయి, అరచేయి వెడల్పు లోతుకు ఎన్ని వందల దెబ్బలు పడ్డాయో లెక్క చెప్పలేను. చేయి ఆనించాను. చల్లగా ఉంది. తడి లేదు. అప్పుడు మూలన కనిపించింది, ఒక కొత్త మట్టిముంత. మెడకు పసుపు పూసి, కుంకుమ పెట్టి ఉంది. లోపల ఏమీ లేదు.

ఇదేమిటని అడిగాను. రైతు గొంతు తగ్గించి చెప్పాడు. కిందటి శనివారం పొద్దు గూకేదాకా ఆయన ఈ బండ మీదే ఉన్నాడు. చుక్క నీరు లేదు, ఆయన కళ్లతో ఆయన చూసిందే. పైకెక్కి ఇంటికి పోయేసరికి, నా పత్రిక విని వచ్చిన వాళ్లు వాకిట్లో ఉన్నారు. నీ బాయిలో తొడలోతు నీళ్లంట అన్నారు.

"నా బాయే గదా. అప్పుడే ఎక్కి వచ్చినా. అయినా నువ్వు చెప్పినావంటే మళ్లా దిగితి" అన్నాడు. "మా ఇంటామె ఈ ముంత ఇచ్చి పంపింది, మొదటి నీళ్లు దీంట్లోనే తెమ్మని. లేవని నేను చెప్పినా, చెంబులతో వచ్చినోళ్లు చెప్పినా నమ్మలే. నీకు కనపడలేదేమో, పత్రికోళ్లు ఊరికే చెప్తారా అంటాది. ఈ పొద్దు దాకా రోజూ దిగేటప్పుడు చెప్తాది, ముంత చూసి రా అని."

నేను తల పైకెత్తాను. పైన గుండ్రటి వెలుతురులో తలలు కనిపిస్తున్నాయి. నీవు ఏమి చూచుచున్నావు అని దొరగారి గొంతు వచ్చింది.

"గట్టిగా చెప్పప్పా," అన్నాడు రైతు, "ఆమె పైన ఉండాది. నీ నోటితోనే వినల్ల."

ఎన్ని ఊళ్లలోనో గొంతు చించుకున్నవాణ్ణి, ఆ ఒక్క ముక్కకు రెండుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది.

"అమ్మా, నీళ్లు లేవు. నేను చూస్తాండా. చేత్తో తాకినా. లేవు" అని అరిచాను.

పైనుంచి ఒక ఆడగొంతు, మామూలుగా, విన్నాలే నాయనా అంది.

రైతు తల పైకెత్తి, చాలు దొరా, వీళ్లను చెప్పనీండి అని కేక వేశాడు. తరువాత వంగి ఆ ముంత తీసుకుని, చేతిగుడ్డతో దుమ్ము తుడిచి, గంపలో జాగ్రత్తగా పెట్టి, లాగమని మోకు రెండుసార్లు కుదిపాడు. ముందు ముంత వెళ్లింది. గంప మళ్లీ దిగివచ్చేదాకా మేమిద్దరం ఆ బండ మీద ఎదురెదురుగా కూర్చున్నాము.